ఐదు దేశాలు తిరిగిన మేనమామ ఒడి

నా తమ్ముడు మునిరాజు ఐదు దేశాల్లో ఫుట్‌బాల్ ఆడాడు. మాల్దీవులు, భూటాన్, నేపాల్, మంగోలియా, కంబోడియా. కోలారు బంగారు గనుల్లోని మా పుట్టిన ఊరు చాంపియన్ రీఫ్స్‌లో టీ అంగడి ముందు నిలబడిన ఎవరిని అడిగినా ఈ పేర్లు వరుస తప్పకుండా చెబుతారు. ఎన్ని గోల్స్ వేశాడని అడిగితే మాత్రం టీ చల్లారిపోతోందని గ్లాసు వైపు తిరుగుతారు.

నాకు ఆ దేశాలు ఇంకో విధంగా గుర్తు. మాల్దీవులంటే నా కొడుకు గిరీశ జుట్టు చెవుల మీద పడిన కాలం. భూటాన్‌లో అది భుజాలు దాటింది. నేపాల్‌లో పేలు పడ్డాయి. మంగోలియాలో మంచు కురిసింది, ఇక్కడ వాడి నెత్తిన సెగగడ్డలు లేచాయి. కంబోడియా వచ్చేసరికి రెండు జడలు, రెండు రిబ్బన్లు.

మా వైపు బిడ్డ పుట్టువెంట్రుకలు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయించాలి. మేనమామ కొత్తబట్టలు తెస్తాడు, నేలమీద కాళ్లు మడిచి కూర్చుంటాడు, బిడ్డను తొడమీద అదిమి పట్టుకుంటాడు. బిడ్డ ఏడుస్తుంది, గుండు అవుతుంది. ఇంతే పని. ఏడాది లోపల చేయాలి, లేదా మూడో ఏట, అదీ తప్పితే ఐదో ఏట. సరి ఏళ్లు పనికిరావు. అంతవరకూ ఆ తలకు కత్తెర తగలకూడదు. గిరీశకు సొంత మేనమామ ఒక్కడే. ఆ ఒక్కడూ స్ట్రైకరు, అంటే జట్టులో అందరికంటే ముందుండి గోలు కొట్టాల్సినవాడు.

వాడికి ఆట రాదని నేను అనను. లైన్లు అని పిలిచే గని కార్మికుల ఇళ్ల వరసల పక్కన మా నాయనకు బియ్యం, రాగుల అంగడి ఉండేది. గని మూతపడ్డాక అంగట్లో ఈగలు, మైదానంలో పిల్లలు మిగిలారు. మనుషుల్ని గనిలోకి దించడం మానేసిన షాఫ్టు చక్రం కింద, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ నుంచి లేచే తెల్లటి దుమ్ములో, లైన్ల పిల్లలతో ఆడి ఎదిగాడు మునిరాజు. వాడి కాలికి బంతి దొరికితే గోడమీద కూర్చున్నవాళ్లు దిగి నిలబడేవారు. అది నేను కళ్లారా చూశాను. బెంగళూరు నుంచి ఎవరో వచ్చి వాణ్ణి క్రీడల హాస్టల్‌కు తీసుకెళ్లారు. ఇంట్లో ఒకరు పైకి రావాలంటే ఇంకొకరు అంగట్లో కూర్చోవాలి కదా, నన్ను తొమ్మిదో తరగతితో ఆపించి గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టారు. తర్వాత బంగారుపేట దగ్గర పల్లెలో టమోటా పండించే అంజినప్పకిచ్చి పెళ్లి చేశారు.

మునిరాజు విదేశాలకు పోవడానికి కారణం ఒక వీడియో. రాబర్ట్‌సన్‌పేటలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోవాళ్లు చేసి ఇచ్చారు. మైదానంలో వాడు వేసిన మంచి గోలు ఒకటి ఉంది. దాన్నే ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, మెల్లగా ఇంకోసారి చూపించి, వెనక పెళ్లిపాట తీసేసి డప్పు పెట్టారు. చూసినవాళ్లకు బోలెడు గోల్స్ వేసినట్టే ఉంటుంది. ఆ వీడియో ఎవరి చేతికో చిక్కి మాల్దీవులకు చేరింది. దాని వెనకాలే మావాడూ చేరాడు.

గిరీశకు ఏడాది నిండబోతోంది. కోలారు జిల్లాలో మా ఇంటి దేవుడు బంగారు తిరుపతి వెంకటరమణస్వామి. అక్కడే గుండు అని మొక్కుకున్నాం. మంచిరోజు పెట్టించాం, బంధువులకు చెప్పాం. రెండు రోజుల ముందు ఫోన్.

"అక్కా, కోచ్ వదల్లేదు. శుక్రవారం మ్యాచ్ ఉండాది. నేను లేకుంటే అటాకే లేదంటా ఉండాడు."

మా అమ్మ అంబుజమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "నువ్వు ఆడు నాయనా. జుట్టు యాడికి పోతాది, ఈడే ఉంటాది."

ఆ శుక్రవారం మ్యాచ్ ఫోన్‌లో చూశాం. మైదానంలో అందరూ పరిగెత్తుతున్నారు. మావాడు కనిపించడే! చాలాసేపటికి కెమెరా పక్కకు తిరిగితే, వరసగా వేసిన కుర్చీల్లో చివర ఉన్నాడు. ఆట బనీను మీద, ఆడకుండా కూర్చున్నవాళ్లకు ఇచ్చే ఇంకో పసుప్పచ్చ బనీను తొడుక్కుని ఉన్నాడు.

"చూడే! పరిగెత్తేటోళ్లకంతా ఒక్కో బనీను, నీ తమ్మునికి రెండు," అంది అమ్మ. "గొప్పోళ్లను ఎండలో పరిగెత్తించరు, నీడలో కూచోబెట్టి మర్యాద చేస్తారు."

ఆ మాట వెంకటేశయ్యగారికి చేరింది. ఆయనకు రాబర్ట్‌సన్‌పేటలో నగల అంగడి. స్వర్ణభూమి ఫుట్‌బాల్ అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. జన్మలో ఆయన కాలితో తన్నింది అంగడి మెట్టుమీద పడుకునే కుక్కను మాత్రమే. మునిరాజు సీజన్ ముగించుకుని రాగానే సన్మానం పెట్టాడు. ఎర్ర శాలువా, పళ్లబుట్ట, తలకు మైసూరు పేట అనే జరీ తలపాగా. బస్ స్టాపులో ఫ్లెక్సు కట్టించాడు. "గోల్ మెషిన్ మునిరాజుకు స్వాగతం" అని. మాల్దీవుల్లో మావాడు వేసింది ఒకే గోలు. అదీ ఎవరో కొట్టిన బంతి వాడి వీపుకు తగిలి లోపలికి పోయింది. ఫ్లెక్సులో గోల్ మెషిన్ ముఖం ఒక మూల ఉంది, శుభాకాంక్షలు చెప్పినవాళ్ల ముఖాలు మిగతా మూడు మూలల నిండా ఉన్నాయి. వాటిలో వెంకటేశయ్యగారి ముఖం బస్సు టైరంత.

ఆ సన్మానంలోనే భూటాన్ సంగతి బయటపెట్టారు. మాల్దీవులవాళ్లు వదిలేశారని ఎవరూ అనలేదు. భూటాన్‌వాళ్లు పిలిచారన్నారు.

"కోలారు టమోటా చూడండప్పా," అన్నాడు వెంకటేశయ్య మైకు పట్టుకుని. "మేలు సరుకు ఢిల్లీకి పోతాది, కలకత్తాకు పోతాది. మెత్తబడింది ఈడనే సాంబారుకు పోతాది. మన మునిరాజూ అంతే! ఎంత దూరం పోతే అంత మేలు సరుకు!"

జనం ఈలలు వేశారు. మా ఆయన నా చెవిలో అన్నాడు: "దూరం పోయే లోడుకు మేము పచ్చికాయ కదమ్మే కోసేది. మాగింది కోస్తే దావలోనే కుళ్లిపోతాది. ఈ శెట్టికి చెప్పేదా?"

"సుమ్మనే ఉండు," అన్నాను. "గలాటా వద్దు."

రెండో ఏడు సరి ఏడు. చేసేదేమీ లేదు. గిరీశ జుట్టు నా జుట్టు కంటే ఒత్తుగా పెరిగింది. ఎండాకాలంలో వాడి మెడ వెనక చెమటకాయలు పేలి, రాత్రంతా గోక్కునేవాడు. మా ఆయన ఒక దారి చెప్పాడు. కోలారులో మా చిన్నాయన కొడుకు ఉన్నాడు, వరసకు వాడూ మేనమామే, వాడి ఒళ్లో కూర్చోబెట్టి ముగిద్దామని. మా అత్త అక్కయమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది.

"బతికుండే మేనమామను పక్కన పెట్టి ఇంగొకని ఒళ్లో కూచోబెడతారా? అది అసలు మేనమామకు కీడు. వాని కాలో చెయ్యో పోతే ఎవరు పూచీ? కాలు మీద బతికేటోడు వాడు!"

మా అమ్మ ఆ మాట విని ఏడుపు మొదలుపెట్టింది. ఆ విషయం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మూడో ఏట మునిరాజు భూటాన్ నుంచి వచ్చాడు. ఈసారి వాడి ఎదుటనే రోజు పెట్టించాను. తొమ్మిది గంటలకు ముహూర్తం, పదిన్నరకు రాహుకాలం. నేను, అత్త, గిరీశ తెల్లవారి బస్సుకే బంగారు తిరుపతి చేరాం. మా ఆయన మునిరాజును తీసుకురావడానికి బైకుమీద పోయాడు. తొమ్మిది దాటాక ఫోన్ చేశాడు.

"యాడుండారు?" అన్నాను.

"రాబర్ట్‌సన్‌పేటలోనే. మీ తమ్ముణ్ని ఓపెన్ జీపు ఎక్కించినారు. ముందర డప్పు, వెనక స్కూలు పిల్లోళ్లు. వెంకటేశయ్య మైకు వదిలేటట్టు లేడు."

"దించుకోని రాప్పా!"

"దించేదానికి అదేమన్నా టమోటా బాక్సా?"

జీపు మార్కెట్ దాటేసరికి రాహుకాలం వచ్చేసింది. మేము కొబ్బరికాయ కొట్టుకుని, జుట్టుతోనే తిరిగి వచ్చాం. అలా నా కొడుకు మూడో ఏడు రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో ట్రాఫిక్‌లో పోయింది.

ఆ సాయంత్రం మునిరాజు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నేలమీద విస్తరి వేశాం. వాడు కూర్చోలేదు. విస్తరి ఎత్తి చేతిలో పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి తిన్నాడు.

"కూచోరా," అన్నాను.

"పరవాలేదక్కా, ఇట్లే బాగుండాది."

వాడు పోయాక అత్త మూతి తిప్పింది. "ఫారిన్ పోయినోళ్లు నేలకు దిగరమ్మా. మనతో సమానంగా కూచుంటే నామోషీ."

నాకూ అలాగే అనిపించింది. కోపం వచ్చింది. మర్నాడు వాడు నేపాల్‌కు పోయాడు.

నేపాల్ తర్వాత మంగోలియా. టోపీ, మఫ్లరు వేసుకుని వీడియో కాల్‌లో మంచు చూపించేవాడు. మా అమ్మ దేవుడి దగ్గర ఆ మంచుకు కూడా దండం పెట్టేది. ఒకరోజు అడిగేశాను.

"గోల్స్ ఎన్ని వేసినావురా?"

"స్ట్రైకరంటే గోలు వేసేది ఒకటే కాదక్కా. ఎదుటి జట్టోళ్లను నా వెంట లాక్కోని పోయి, వెనక వచ్చేటోళ్లకు జాగా చేసియ్యాల. అది కూడా ఆటే."

"అవునప్పా. బంగారు తిరుపతిలో కూడా మంచి జాగా చేసిచ్చినావు. ఇంగా ఖాళీగానే ఉండాది."

వాడు నవ్వలేదు. సిగ్నల్ లేదని పెట్టేశాడు.

ఆ ఎండాకాలంలోనే గిరీశ నెత్తిన సెగగడ్డలు లేచాయి. ఒకటి పగిలి చీము పట్టింది. జ్వరం వచ్చింది. కోలారులో డాక్టరమ్మ జుట్టు విడదీసి చూసి నా మీద కేకలేసింది. "ఈ జుట్టు తీసేయకపోతే మందు లోపలికి ఎలా పోతుంది? చదువుకున్నట్టు లేరే!"

ఇంటికొచ్చి అత్తతో చెప్పాను.

"ఆ డాక్టరమ్మకు తోడబుట్టినోళ్లు లేరేమో అడుగు," అంది ఆమె. అని, తనే వేపాకు నూరి, వాడి పాయలు ఒక్కొక్కటీ విడదీసి రాసింది. నూరుతూ ముక్కు చీదుకుంది. ఆమెకూ భయమే.

ఒక మధ్యాహ్నం వాడు జ్వరంతో నిద్రపోతుంటే కత్తెర తీసుకుని పక్కన కూర్చున్నాను. గడ్డ చుట్టూ ఉన్నవి నాలుగు వెంట్రుకలు. కత్తిరిస్తే ఎవరికి తెలుస్తుంది? కత్తెర తెరిచాను. మంగోలియా మంచులో మునిరాజు కాలు జారుతున్నట్టు కళ్లముందు కనిపించింది. మూసి, బియ్యం డబ్బా వెనక పెట్టేశాను. నాకు ఇద్దరూ కావాలి మరి.

అలా ఐదో ఏడు వచ్చింది. బస్సులో ఎవరైనా "పాప పేరేమి?" అంటే గిరీశ నిక్కరు కిందికి లాగి చూపించేవాడు. అంతకు మించిన రుజువు వాడి దగ్గర లేదు. బంగారుపేటలో బడికి తీసుకెళితే పెద్ద మేడమ్ వాడి రిబ్బన్లు, వాడి నిక్కరు, నా ముఖం మార్చి మార్చి చూసింది.

"మగపిల్లలకు జడలు కుదరవమ్మా. మొక్కు ఉంటే తీర్చుకుని జూన్‌లో రండి."

జూన్ దాటితే బడి పోతుంది. ఆ ఏడు దాటితే ఏడో ఏటి దాకా ఆగాలి. ఆ గడ్డలతో ఇంకో రెండు ఎండాకాలాలు. మునిరాజు అప్పుడు కంబోడియాలో ఉన్నాడు. ఫోన్ చేసి ఒకే మాట అన్నాను.

"నువ్వు రాకుంటే నేనే కోసేస్తా. నీకు ఏమైనా నా మింద చెప్పొద్దు."

"వస్తానక్కా. ఈడ కూడా అయిపోయింది."

వచ్చాడు. రోజు ఎవరికీ చెప్పవద్దని అమ్మకు ఒట్టు పెట్టాను. అమ్మ ఎవరికీ చెప్పలేదు, వెంకటేశయ్యగారి భార్యకు తప్ప.

అందుకని మేము బంగారు తిరుపతి చేరేసరికి సంఘం మాకంటే ముందే చేరింది. కొండ కింద జీపు, డప్పు, మైకు సెట్టు. చింతచెట్టుకు ఫ్లెక్సు: "ఐదు దేశాల అద్భుతం! ఆరో దేశానికి శుభాకాంక్షలు!"

"ఆరోది ఏ దేశమన్నా?" అని అడిగాను.

"ఇంగా ఖాయం కాలేదమ్మా. దేశాలకేమి కొదవ!" అన్నాడు వెంకటేశయ్య.

ఈసారి మునిరాజు జీపు ఎక్కలేదు. గిరీశను ఎత్తుకుని నేరుగా మెట్ల పక్కన గుండ్లు గీసే పందిరి కిందికి నడిచాడు. మారప్ప అనే ఆయన కత్తి నూరుకుంటూ కూర్చుని ఉన్నాడు. వెనకాల సంఘమంతా ఫోన్లు ఎత్తి పట్టుకుంది.

"రాప్పా మేనమామా, కూచో," అన్నాడు మారప్ప.

"నిలబడే పట్టుకుంటాను."

"నిలబడి గీస్తే చెవి తెగుతాది. కూచోప్పా, కాళ్లు మడుచుకో."

మునిరాజు చుట్టూ చూశాడు. గిరీశను నాకిచ్చి, పందిరి గుంజ పట్టుకుని కిందికి వంగాడు. ఎడమకాలు మడిచాడు. కుడికాలు మడవలేదు. రోకలిలాగా ముందుకు చాచుకుని అలాగే ఉండిపోయింది. వాడు పళ్లు బిగించి ఇంకా దిగబోయి, ధబ్బున కూలబడ్డాడు. ముఖమంతా చెమట.

"ఆ కాలు కూడా మడువు," అన్నాడు మారప్ప.

"మడవదన్నా."

"అంటే?"

"సగమే మడుస్తాది. ఆపైన రాదు."

డప్పు ఆగింది. ఎత్తిన ఫోన్లు మాత్రం దిగలేదు.

"ప్రాక్టీసు ఎక్కువైంది!" అన్నాడు వెంకటేశయ్య. "ఐదు దేశాల గట్టినేల! కుర్చీ తెండప్పా!"

ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. మా అత్త దాన్ని పక్కకు తోసింది. "కుర్చీ మింద కూచుంటే అది ఒడి కాదు, సీటు. నేలమీదనే కావాల."

గిరీశను అలాగే చాచిన కాలిమీద పెట్టి చూశారు. జారిపోయాడు. పైగా ఆ కాలు సూటిగా గుడి వైపు ఉంది. "స్వామి ముందర కాలు చాపుకోని కూచుంటాడా!" అని అత్త మళ్లీ అరిచింది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గిరీశ ఏడుపు అందుకున్నాడు. ఐదో ఏడు కూడా పోతోంది.

నేను మునిరాజు పక్కన కూర్చున్నాను. "ఎప్పుడురా ఇది?"

"భూటాన్‌లో అక్కా. వానలో జారినాను. లోపల ఏందో పట్‌మనింది."

"మరి నేపాల్లో ఎట్ల ఆడినావు?"

"ఆడలేదు. వీడియో చూసి పిలిచినారు, వచ్చినాక నన్ను చూసి బెంచీ మీద కూచోబెట్టినారు."

"మంగోలియాలో?"

"ఆడ కూడా బెంచే. హీటరుండాది."

"కంబోడియాలో?"

"ఫ్యాను."

నవ్వొచ్చింది, వాణ్ణి కొట్టాలనీ అనిపించింది. "ఆపరేషన్ చేయించుకోవాల్సింది గదరా!"

"చేయించుకుంటే ఆర్నెల్లు ఇంట్లో పడుండాల. ఊళ్లో ఏమని చెప్పేది? ఒక దేశం పోతే ఇంగో దేశం ఏదని అడుగుతారే గానీ, కాలెట్లుండాదని అడిగేటోళ్లు ఎవరుండారక్కా?"

నేను కూడా గోల్స్ ఎన్ని అనే అడిగాను. గోడకు ఆనుకుని నిలబడి అన్నం తిన్నవాణ్ణి చూసి కోపం తెచ్చుకున్నాను. లేచి అత్త వైపు తిరిగాను.

"అత్తా, ఇంగొకని ఒళ్లో కూచోబెడితే వీని కాలు పోతాదని అంటిరి. ఎవరి ఒళ్లోనూ కూచోబెట్టలేదు. బిడ్డ జుట్టు కాచి కాచి గడ్డలు లేపినాము. కాలు భూటాన్‌లోనే పోయింది. ఇంగ ఏ కీడుకు భయపడేది?"

ఆమె ఆ కాలు చూసింది. గిరీశ జడ పైకెత్తి, పగిలిన గడ్డ మచ్చ చూసింది.

"కొండ మెట్టు కుర్చీ కాదు గదత్తా," అన్నాను మెల్లగా. "అదీ నేలే. మెట్టు మింద కూచుంటే కాలు కిందికి చాపుకుంటాడు, స్వామి వైపు ఉండదు. ఎడమ తొడ మింద బిడ్డను పెట్టుకుంటాడు. మారప్పన్న కింది మెట్టులో నిలబడి గీస్తాడు. బెంచీ మింద కూచునేది మావానికి కొత్తేమీ కాదు."

సంఘంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మునిరాజు కూడా నవ్వాడు, తల వంచుకుని.

అత్త కొంగు దోపుకుంది. "చూస్తా నిలబడినారేమి? లేపండి వాణ్ని! ఇంగ రాహుకాలం కూడా తెప్పిస్తారా?"

నాలుగో మెట్టుమీద కూర్చున్నాడు మునిరాజు. కుడికాలు రెండు మెట్లు కిందికి చాచాడు. గిరీశను ఎడమ తొడమీద పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. మారప్ప నీళ్లు చల్లి కత్తి పెట్టగానే గిరీశ గుడి అదిరేలా అరిచి, తంతూ ఉంటే ఒక తన్ను సూటిగా మేనమామ కుడి మోకాలికి తగిలింది. మునిరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం వదల్లేదు. ఐదేళ్ల జుట్టు, రిబ్బన్లతో సహా, ఆ మోకాలిమీద కుప్పగా పడింది. కింద నా బిడ్డ తల బయటపడింది, తెల్లగా, గుండ్రంగా, నాలుగు మచ్చలతో. నేను దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసుకుంటూ ఉండిపోతే, అత్త నా చేతులు తీసేసి గంధం పూసింది.

దర్శనం ముగించి మేము కొండ దిగాక కూడా వెంకటేశయ్య వదల్లేదు. మునిరాజుకు శాలువా కప్పి, తలమీద పేట పెట్టి, మైకు ముందుకు తోశాడు. "ఆరో దేశం గురించి రెండు మాటలు!"

మునిరాజు మైకు పట్టుకున్నాడు. "నేను ఇంగ ఏ దేశానికీ పోను. నా మోకాలు పోయింది. నేపాల్లో, మంగోలియాలో, కంబోడియాలో నేను ఒక్క నిమిషం కూడా ఆడలేదు. బెంచీ మింద కూచున్నాను. ఆపరేషన్ చేయించుకుంటాను. అంతే."

వెంటనే చప్పట్లు! ఈలలు! డప్పు మళ్లీ మొదలైంది.

"విన్నారా!" వెంకటేశయ్య జనం వైపు చేతులెత్తాడు. "ఎంత అణకువ! ఐదు దేశాలు గెలిచినోడు, నేనేమీ చేయలేదంటా ఉండాడు! గొప్పోళ్లు ఇట్లే మాట్లాడేది!"

మునిరాజు నా వైపు చూశాడు. నేను చేతులు తిప్పాను. నిజం చెప్పినా వినని జనానికి ఇంకేం చెప్పేది? వాడు మైకు స్టాండుకు తగిలించి, తలమీది పేట తీసి, ఎండలో నిలబడ్డ గిరీశ గుండుమీద పెట్టాడు. అది వాడి ముక్కుదాకా దిగింది.

"అయ్యయ్యో, తీయప్పా!" వెంకటేశయ్య పరిగెత్తుకొచ్చాడు. "గంధం అంటుతాది! బాడుగ పేట అది, సాయంత్రం తిరిగి ఇయ్యాల!"

"ఐదు దేశాలకూ ఈ పేటేనా అన్నా?" అడిగాడు మునిరాజు.

"పేట ఏదైతే ఏమప్పా, తల నీదే గదా!"

గిరీశ పేటను రెండు చేతులతో పట్టుకుని వదలనన్నాడు. చివరికి మా అత్త ఒక అరటిపండు ఇచ్చి ఇప్పించింది. లోపలి వైపు గంధం మరక గుండ్రంగా పడి ఉంది. వెంకటేశయ్య దాన్ని జేబురుమాలుతో తుడుస్తూ జీపెక్కాడు.

మేము బస్సులో వచ్చాం. మునిరాజు దారి పక్క సీట్లో కూర్చుని కాలు చాచుకున్నాడు. కండక్టరు మొదటిసారి వచ్చి "కాలు తీయప్పా" అన్నాడు, మునిరాజు "రాదన్నా" అన్నాడు, ఆ తర్వాత ఆయన ప్రతిసారీ దాటుకునే పోయాడు. కండక్టరుకు ఆ మాట ఒకసారి చెబితే అర్థమైంది. కొండ కింద చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరికీ కాలేదు.

ముందు సీట్లో కూర్చున్న ఆమె వెనక్కి తిరిగి గిరీశను చూసి నవ్వింది. "బాబు పేరేమి?"

వాడి చేయి అలవాటుగా నిక్కరు మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఆమె ఏమన్నదో కాసేపు ఆలోచించి, చేయి తీసి గుండుమీద పెట్టుకున్నాడు.

"గిరీశ," అన్నాడు.